ఒక్క పొడి గుడ్డ

కారు లైట్ల లోపల ఆవిరి పట్టిందంటే నేనిప్పటికీ ఒంటిమీది చొక్కా విప్పి దాంతోనే తుడుస్తాను. ఎనభైల్లో ఒక వానాకాలం సాయంత్రం అలా చేయలేదు.

మదనపల్లె నుంచి పుంగనూరుకు ఒక్కడినే పోతున్నాను. లైట్లు మసకబారి దారి కనిపించక, ఒక బస్సు షెల్టరు ముందు ఆపాను. కార్లో ఉన్న తుడిచే గుడ్డ నానిపోయింది. ఇస్త్రీ చొక్కా పాడుచేసుకోబుద్ధి కాలేదు. షెల్టరులో చంటిబిడ్డతో నిలబడ్డ ఒకామెను పొడి గుడ్డ ఉందా అని అడిగాను.

ఆమె మూట విప్పి తెల్లటి గుడ్డ ఒకటి తీసింది.

"ఇదొకటే తడవకుండా ఉండాది. తీసుకోప్పా."

బల్బులు ఊడదీసి, ఆ కన్నాల్లోంచి గుడ్డ దూర్చి రెండు లైట్లూ తుడిచాను. మసి, గ్రీజు అంటిన గుడ్డను అలాగే ఆమె చేతిలో పెట్టాను.

"ఇప్పుడు దోవ కనిపిస్తాందాప్పా?" అంది. "మేం పుంగనూరు బస్సు కోసరం సూస్తాండాము. ఇంకా రాలే."

"వస్తుందిలేమ్మా" అన్నాను.

కారు వెనక్కి తీస్తుంటే వెలుగు ఆమె మీద పడింది. బిడ్డ తల తుడవడానికి ఆ గుడ్డలో మురికి కాని మూల కోసం వెతుకుతోంది.

వెనక సీటు ఖాళీగా ఉంది. పుంగనూరు దాకా దారి చక్కగా కనిపించింది.