గుమ్మడిపువ్వు మహాయుద్ధం

నా చిన్నప్పుడు మా కాజీపేట రైల్వే క్వార్టర్ల లైనులో ఒక మహాయుద్ధం జరిగింది. ఏ చరిత్ర పుస్తకంలోనూ దాని ఊసు లేదు. అది నా వల్లే వచ్చిందని ఒక పగలంతా నమ్మి ఏడ్చాను కాబట్టి నాకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా గుర్తుంది. మొన్న మా మనవరాలు సోషల్ పుస్తకం తెచ్చి, “అమ్మమ్మా, మొదటి ప్రపంచ యుద్ధం ఎందుకొచ్చింది?” అని అడిగితే నా నోట ముందు గుమ్మడిపువ్వు అనే వచ్చింది. ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. క్వార్టర్లీ పరీక్షలో ఇదే ప్రశ్న వచ్చింది. “ఒక యువరాజును కాల్చి చంపారు, అందుకని యుద్ధం వచ్చింది” అని ఒక్క వాక్యం రాసి, దాని కింద గీత కూడా కొట్టి వచ్చాను. అది తక్షణ కారణం మాత్రమేనట, అసలు కారణాలు వేరే ఉన్నాయట. సారు సున్నా పెట్టి, దసరా సెలవుల్లో ఆ పాఠం పదిసార్లు రాయమన్నారు. ఒక మనిషి చనిపోతే అన్నేసి దేశాలు ఎందుకు కొట్టుకున్నాయో మూడుసార్లు రాసినా నాకు బోధపడలేదు.

మా లైనులో ఆరు ఇళ్ళు. అందరికీ ఒకటే వాకిలి, ఒకటే నల్లా. మధ్యలో మా ఇల్లు, దాన్ని ఆనుకుని పక్కింటి అత్తవాళ్ళ ఇల్లు. మా అమ్మా ఆమే మొదట్లో ప్రాణ స్నేహితులే. ఒక ఏడాది అత్త పేర్చిన బతుకమ్మ మా అమ్మదానికంటే జానెడు ఎత్తు వచ్చింది. ఆ జానెడు మా అమ్మకు ఏడాది పొడుగునా నిద్ర లేకుండా చేసింది. మరుసటి ఏడు మాది నా నడుము దాకా లేచింది. ఆ పై ఏడు వాళ్ళది నా భుజం దాకా వచ్చింది. ఈ కొలతలన్నిటికీ కొలబద్దను నేనే. కరివేపాకు అడిగే నెపంతో నన్ను పంపి, వాళ్ళవి ఎన్ని వరుసలయ్యాయో చూసి రమ్మనేది అమ్మ. వాళ్ళమ్మాయి కూడా మా ఇంటికి కరివేపాకు కోసమే వచ్చేది. నిజానికి రెండిళ్ళలోనూ కరివేపాకు చెట్లున్నాయి.

అంత ఎత్తుకు పూలు కావాలి కదా. రైలుకట్ట పొడుగునా తంగేడు విరగబూసేది, అది ఎవరి సొత్తూ కాదు. మా అమ్మ ఒక పాత చీర చించి, పొద పొదకూ పీలిక కట్టి ఇవి మావి అంది. అత్త ఎర్ర రిబ్బన్లు కట్టింది, మా పీలికలున్న పొదలకు కూడా కట్టింది. మొదటి రెండిళ్ళు మా వైపు, చివరి రెండిళ్ళు వాళ్ళ వైపు చేరాయి. నల్లా దగ్గర ఒకరి బిందె జరిపితే తమ బిందె జరిపినట్టేనని వాళ్ళలో వాళ్ళు మాట ఇచ్చిపుచ్చుకున్నారు.

నేను తొమ్మిదిలో ఉన్న ఆ ఏడు, పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు పొద్దున మా అమ్మకు అన్ని పూలూ దొరికాయి, పైన గౌరమ్మకు పెట్టే గుమ్మడిపువ్వు తప్ప. పక్కింటి గుమ్మడిపాదు పెరటి గోడ దాటి మా వైపు పాకింది. దానికి ఒకే ఒక్క పువ్వు పూసింది. అమ్మ సంతోషపడుతుందని నేను దాన్ని తెంపాను.

గంట తిరగలేదు. నల్లా దగ్గర అత్త నడుముకు కొంగు చుట్టింది. “నీ బిడ్డను దొంగతనానికి పంపిస్తవా?” అంటే, “మా గోడ ఎక్కమని నీ పాదుకు ఎవలు చెప్పిండ్రు?” అని మా అమ్మ. మొదటింటావిడకు పువ్వు సంగతే తెలియదు, అయినా చీపురు పట్టుకునే వచ్చేసింది. చివరింటావిడ అప్పుడే పుట్టింటి నుంచి బండి దిగి వస్తూ, చేతిలో సంచి కింద పెట్టకుండానే రంగంలోకి దిగింది. మధ్యాహ్నానికి లైనులో మాటలు బంద్. సాయంత్రం ఎవరి గుమ్మం ముందు వాళ్ళే ఆడుకోవాలని తేల్చేశారు. మగవాళ్ళందరూ డ్యూటీ ఉందని వెళ్ళిపోయారు, సెలవులో ఉన్న మా నాన్న కూడా.

ఒక్కరే ఆడితే అది బతుకమ్మ ఎలా అవుతుంది? ఏడాదంతా ఎదురుచూసిన పండుగను నా చేతులతో నేనే పాడు చేశానని నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని ఏడ్చాను. ఊరికే ఏడవడమెందుకని ఒళ్ళో చరిత్ర పుస్తకం పెట్టుకున్నాను.

మా తాత అక్కడికి వచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. “ఎందుకేడుస్తానవు బిడ్డా?” అని అడిగి అంతా విన్నాడు. ఓదార్చలేదు. “గా పాఠం జర చదువు” అన్నాడు. ముక్కు చీదుతూ చదివాను. మధ్య మధ్య తనలో తనే నవ్వుకున్నాడు. సైన్యాలను ఏ రైలులో ఎప్పుడు ఎక్కించాలో ముందే టైంటేబుల్ వేసుకున్నారని, అవి కదిలాక ఆపడం ఎవరి వల్లా కాలేదని ఉన్న చోట మాత్రం ఆయనకు కోపం వచ్చింది. “ఏ బండైనా ఎర్రజెండ చూపెడితె ఆగుతది. చూపెట్టెటోడు ఒక్కడు లేకపాయె!” అని విసురుగా లేచి ఇంట్లోకి పోయాడు.

సాయంత్రమైంది. తాత పాత ఎర్రజెండా చంకలో పెట్టుకుని వచ్చి, వాకిలి నడుమ స్టూలు వేసి నన్ను దాని మీద నిలబెట్టాడు. “మా పొల్ల పరీక్షల సున్నా తెచ్చుకున్నది. గట్టిగ చదువుతది, తప్పు పోతె చెప్పుండ్రి” అని ఆరిళ్ళకూ వినిపించేలా అరిచాడు. వినక వాళ్ళకు దారి లేదు. మా అమ్మ ఇంట్లో కూర్చుని నా గడ్డం దాకా పేర్చిన బతుకమ్మ గుమ్మంలో ఇరుక్కుపోయింది. అత్తది వాళ్ళ గుమ్మంలో. మిగతావాళ్ళవీ అంతే. ఒక్కరు ఎత్తలేరు, సాయం పట్టమని ఎవరూ ఎవరినీ అడగరు.

నేను చదివాను. ఒకరిని మించి ఒకరు ఆయుధాలు పెంచుకున్నారన్నాను. చివరింటి నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. తమవి కాని నేలలను తమవేనని పంచుకున్నారన్నాను. మా అమ్మ రైలుకట్ట వైపు చూడకుండా ఉండడానికి ఆకాశంలోకి చూసింది. ఒకరి జోలికి వస్తే తమ జోలికి వచ్చినట్టేనని ఒప్పందాలు రాసుకున్నారన్నాను. మొదటింటావిడ కొంగు సర్దుకుంది.

అప్పుడు తాత అడిగాడు. “గా యువరాజును కాల్వకుంటె యుద్ధం రాకపోవునా?”

ఆ జవాబు నాకు మార్కుల కోసం అక్కరలేదు.

పక్కింటి అత్త తన గుమ్మంలోంచే అంది. “ఎందుకు రాదు మామా? గంత కోపం కడుపుల పెట్టుకున్నంక, గది గాకుంటె ఇంకోటి...” అక్కడే ఆగిపోయింది. స్టూలు మీద ఉబ్బిన కళ్ళతో నిలబడ్డ నన్ను చూసింది. “ఈ పొల్ల పువ్వు తెంపకున్నా మేం కొట్లాడెటోళ్ళమే” అంది మెల్లగా.

పగలంతా ఏడ్చినదానికంటే ఆ మాటకు ఎక్కువ ఏడ్చాను. అత్త తన బతుకమ్మను వదిలేసి వచ్చి మా అమ్మదానికి రెండో పక్క పట్టింది. గుమ్మం దాటించబోతే పై వరుసలు జారి, రంగులద్దిన గునుగుపూలన్నీ ఆమె జుట్టులో పడ్డాయి. మా అమ్మకు నవ్వాగలేదు, తర్వాత అత్తకూ ఆగలేదు. తాత అప్పుడు తీరిగ్గా ఎర్రజెండా విప్పి ఊపాడు. ఎవరూ చూడలేదు. ఇంత గొడవకు మూలమైన గుమ్మడిపువ్వు అప్పటికే వాడి ముడుచుకుపోయింది.

ఆ సాయంత్రం ఆరు బతుకమ్మలూ ఒకే చోట చేరాయి. పోటీ ఆగిందనుకునేరు, లేదు. మరుసటి ఏటి నుంచి అందరూ వాకిట్లో కూర్చుని పేర్చుకోవడం నేర్చుకున్నారు, అంతే. వార్షిక పరీక్షలో నేను కారణాలన్నీ రాశాను. రాసే ఊపులో గుమ్మడిపువ్వు కూడా రాసేస్తే, సారు దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, మార్కులు మాత్రం పూర్తిగా వేశారు.

ఇన్నేళ్ళలో మా ఇంట్లోనూ చుట్టాల్లోనూ కొట్లాటలు చాలా చూశాను. అందరి వేళ్ళూ ఒక చిన్నపిల్ల వైపో, ఒక చిన్న మాట వైపో చూపిస్తున్నప్పుడు నాకు ఆ స్టూలు గుర్తొస్తుంది. ముందు ఆ పిల్లను దగ్గరికి తీసుకుంటాను. పువ్వు ఎవరు తెంపారని అడగను. పొదలకు పీలికలు ఎప్పటి నుంచి కడుతున్నారని పెద్దవాళ్ళను అడుగుతాను.