పాత రోలరుకు పాత జోడు

సౌదీలో, అల్ ఖోబర్ శివార్లలోని గోదాములో బుచ్చన్న వచ్చిన నాటి నుంచీ కంటైనర్లలోని సరుకే దించుతున్నాడు. ఈ ఎండాకాలం అతని కుడి మోకాలు మొండికేసింది. కంటైనర్ లోంచి కిందికి దిగాలంటే ముందు తలుపు పట్టుకుని, ఆ తర్వాత దేవుణ్ణి తలుచుకోవాల్సి వస్తోంది. అంతలో మరమ్మతు షెడ్డు చూసే ఫక్రుద్దీన్ వీసా మీద ఎగ్జిట్ కొట్టించుకుని, ఇక తిరిగి రానంటూ ఊరికి వెళ్లిపోయాడు. నీడపట్టున చేసే ఆ పని దొరికితే ఇంకొన్నేళ్లు నెగ్గుకు రావచ్చని బుచ్చన్న ఆశ.

స్టోర్ చూసే కడప మనిషి గౌస్ మొహిద్దీన్ కాదనలేదు. ఊరికే అవుననీ అనలేదు.

"అదో ఆ ట్రాలీ సూడు బుచ్చన్నా. ముందర రోలర్ ఒగటి పగిలి ఈడ్చుకుంటా పోతాంది. సాయంత్రం అసర్ నమాజుకు ముందే బాగు చేసిస్తే ముదీర్‌తో నేను మాట్లాడతా. ల్యాకుంటే ఆయప్ప బయటోణ్ణి పిలిపిస్తాడు." గోదాము మేనేజర్ని అక్కడ అందరూ ముదీర్ అనే అంటారు.

సరుకు పేర్చే చెక్క ప్యాలెట్లను లాగే ఆ ట్రాలీకి రెండు ఇనుప చేతులు. ఒక్కోదాని కొన కింద ఒక రోలర్. బుచ్చన్న పగిలిన ఎడమ రోలర్ ఊడదీసి, స్టోర్‌లో మిగిలిన ఒకే ఒక కొత్తదాన్ని గ్రీజు పెట్టి బిగించాడు. కుడిది అరిగింది గానీ బాగానే తిరుగుతోంది. తిరిగేదాన్ని తీసి పారేయడానికి చేయి రాలేదు. చెప్పు తెగితే తెగినదాన్నే కుట్టించుకున్న మనిషి అతను.

బుచ్చన్న గదిలోనే ఉండే స్వామి, జూసు సీసాల పెట్టెలు ఎత్తుగా పేర్చి ట్రాలీ లాగాడు. మలుపులో పై పెట్టె జారింది. స్వామి ఛాతీతో ఆపాడు.

"ఓ అన్నా! ఇదేంది, తాగినోని లెక్క ఒక్కదిక్కే వొరుగుతున్నది!"

బుచ్చన్న కుంటుతూ పరుగెత్తి పెట్టె పట్టుకున్నాడు. వంగి చూశాడు. కొత్త రోలర్ లావుగా, అరిగినది సన్నగా ఉన్నాయి.

"ముసలెద్దుకు కోడెను జోడు గట్టినవ్ గదనే! కాడి వంగకుంట ఉంటదా?" అని స్వామి నవ్వాడు.

బుచ్చన్నకు నవ్వు రాలేదు. గౌస్ ఇటే వస్తున్నాడు. గచ్చు బాగాలేదని అందామా అనిపించింది ఒక్క క్షణం.

"తప్పు నాదే భాయ్. ఒక్కటే మార్చిన. రెండూ మార్చాలె."

"ఇంగొగటి యాడుండాది? వచ్చే వారం గాని రాదు."

బుచ్చన్న అరిగిన రోలర్ చుట్టూ దారం చుట్టి, అంతమేరకు తెంపి, షెడ్డు వెనక పారేసిన ట్రాలీల దగ్గరికి నడిచాడు. మోకాలు అరుస్తున్నా వంగి ఒక్కొక్క రోలరుకూ దారం చుట్టి చూశాడు. కొన్నిటికి చాలలేదు, కొన్నిటికి మిగిలింది. చివరికి ఒకదానికి కొస కొసా కలిసింది.

కొత్తదాన్ని తీసి ఆ పాతదాన్ని బిగించాడు. స్వామి మళ్లీ పెట్టెలు పేర్చాడు. గౌస్ తన చేతిలోని చాయ్ గ్లాసును పై పెట్టె మీద పెట్టాడు.

"ఊఁ, లాగు."

ట్రాలీ గడగడమంటూ మలుపు తిరిగి వచ్చింది. గౌస్ గ్లాసు తీసుకుని ఒక గుటక వేశాడు.

"రేపు కంటైనర్ కాడికి పోవాకు. పొద్దున్నే వచ్చి షెడ్డు తాళం తీస్కో. ముదీర్‌కు నేను చెప్తాలే."

అసర్ అజాన్ వినిపించింది. బుచ్చన్న కొత్త రోలర్‌ను శుభ్రంగా తుడిచి, షెడ్డు గోడకున్న మేకుకు తగిలించాడు. పక్క మేకు మీది పాత గుడ్డ తీసేసి, వచ్చే వారం రాబోయే దాని జోడు కోసం ఖాళీ చేశాడు.