ఆమెన్ అన్న ఫోన్లు

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో. మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకూ చెప్పలేదు. కొన్నేళ్లుగా ఇది గుండెల మీద బండలా కూర్చుంది. దీన్ని మోస్తూనే పెళ్లి చేసుకున్నాను, ఇల్లు చక్కబెట్టుకున్నాను, నలుగురితో నవ్వుతూ తిరిగాను. ఎవరింట్లోనైనా శుభకార్యమంటే మాత్రం భోజనాల వేళకు ఏదో ఒక సాకు చెప్పి బయటపడతాను. "గింత ఎగురుడేందే నీకు, నలుగురిల కూసోని తింటే అరగదా?" అంటుంది మా అత్త. పొగరుతో ఎగురుడు కాదత్తా. సిగ్గు.

నేను ఒక మంచి మనిషిని మోసం చేశాను. ముందు ఫోన్లతో, తర్వాత నా నోటితో.

డిగ్రీ అయ్యాక తాండూరులో ఉద్యోగం దొరికింది. పొద్దున వికారాబాదులో రైలెక్కడం, సాయంత్రం తిరిగి రావడం. నాపరాళ్ల దుకాణం పైన ఒక గది. గది నిండా ఇనుప ర్యాకులు, ర్యాకుల నిండా ఫోన్లు. ఒక్కో ఫోన్లో కొన్ని అకౌంట్లు, ఒక్కో అకౌంటుకు ఒక పేరు, ఒక ఊరు, పువ్వుదో పసిపిల్లదో ఒక ఫోటో. వాటి వెనక మనుషులు లేరు. మనుషులం మేం ముగ్గురమే, మా సార్‌తో కలిపి. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చూసుకునేది. ఏ మాట కనపడితే ఏ జవాబు ఇవ్వాలో నేను రాసిపెట్టేదాన్ని. అది కాస్త అటూ ఇటూ మార్చి, కాస్త ఆలస్యం చేసి, అచ్చం మనిషి రాసినట్టే ఒక్కో పేరుతో రాసుకుంటూ పోయేది. ప్లాట్లు అమ్మేవాళ్లు, దుకాణాల వాళ్లు, చిన్నా పెద్దా నాయకులు, అందరికీ మా దగ్గర జనం దొరికేవారు.

కొత్త అకౌంటును వెంటనే పనిలోకి దింపితే పట్టుబడిపోతుంది. కొన్నాళ్లు అది మనిషిలా మసలాలి. దాన్ని మేం మాగబెట్టడం అనేవాళ్లం, మామిడికాయల్ని గడ్డిలో పెట్టినట్టు. మరి ఎక్కడ మాగబెట్టాలి? సినిమాల దగ్గర పెడితే బూతులు, రాజకీయాల దగ్గర పెడితే ఫిర్యాదులు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ కష్టాలు రాసుకుని ప్రార్థన చేయమని అడిగే ఒక గ్రూపు ఉంది, అక్కడ ఎవరూ ఎవరినీ అనుమానించరు, అక్కడ పెడదాం అన్నాను. అవును, ఆ ఉపాయం నాదే. సార్ చెప్పాడనో పొట్టకూటి కోసం చేశాననో అనడానికి లేదు. ఆ రోజు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. నా మొహం!

మాది మోమిన్‌పేట్ దగ్గర గొర్లు కాసుకునే కుటుంబం. చర్చి గడప ఎన్నడూ తొక్కలేదు. ఆమెన్ అంటే అర్థమేమిటో కూడా తెలియదు నాకు. తెలుసుకుందామనీ అనిపించలేదు. "ప్రార్థన" అన్న మాట కనపడితే "ఆమెన్ అక్కా, మీ కోసం ప్రార్థిస్తున్నాం" అని రాయమని పెట్టాను. "రండి", "రావాలె" అని ఉంటే "తప్పకుండా వస్తాం అక్కా" అనే జవాబు అప్పటికే ఉంది. అది ప్లాట్ల ప్రారంభోత్సవాల కోసం రాసుకున్నది. దాన్ని ఈ గ్రూపు వరకు తీసేయాలని నాకు తోచలేదు.

ఆ గ్రూపులో రూతమ్మ కనిపించింది. కోట్‌పల్లి దగ్గరి పల్లె. కూలి పని. "మా ఇంటాయన బండల గనిల పడ్డడు. నడుముకు దెబ్బ తాకింది. లేస్తలేడు. జర ప్రార్థన చెయ్యుండ్రి" అని రాసింది. మా ఫోన్లన్నీ వరుసగా ఆమెన్ అన్నాయి.

మామూలుగా అక్కడితో అయిపోయేది. ఈమె అట్లా కాదు. ఒక్కొక్కరి పేరు పెట్టి జవాబు రాసింది. "దేవుడు నిన్ను సల్లగ సూడాలె తమ్మీ." "నీ పిల్లలు మంచిగున్నరా సెల్లె?" పువ్వు ఫోటోను పట్టుకుని పిల్లల సంగతి అడుగుతోంది! మొదట నవ్వుకున్నాం ముగ్గురం. సార్ మాత్రం నవ్వు ఆపి, "అసలు మనిషి మాట్లాడుతుందంటే గా అకౌంటు మస్తు గట్టిపడ్తది. ఆమెతోని జర మాట్లాడు" అన్నాడు.

స్వర్ణ అనే పేరుతో నేనే రాయడం మొదలుపెట్టాను. గ్రూపులో ఆమెన్‌లు ఆ పేరుతోనూ సాఫ్ట్‌వేరే రాసేది, ఆమెకు విడిగా రాసేవి మాత్రం నా చేతులతో. పని కోసమే అనుకున్నాను. మరి రైల్లో కూర్చుని ఇంటికి పోతూ కూడా ఎందుకు రాశాను? ఆమె "తిన్నవా బిడ్డా" అని అడిగేది. ఆయనకు స్నానం ఎట్లా చేయిస్తుందో, రాత్రిళ్లు ఆయన నొప్పికి ఎట్లా మూలుగుతాడో చెప్పుకునేది. నేను ధైర్యం చెప్పేదాన్ని. ఆ మాటలు మాత్రం నిజంగానే అన్నానని నాకిప్పటికీ అనిపిస్తుంది, కానీ అబద్ధపు పేరు వెనక నిలబడి అన్న నిజం ఏ పాటిది, అది ఎవరికి చెందుతుంది?

ఆయన లేచాడు. ఆపరేషన్ అయింది, నెలల తరబడి కసరత్తు చేయించారు, చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. రూతమ్మ దృష్టిలో మాత్రం ఆయన్ని లేపింది ఆమెన్ అన్నవాళ్లు. "వచ్చే ఆదివారం మా ఇంట్ల కృతజ్ఞత కూడిక. మీరందరు రావాలె. మీరు రాకపోతే నా పానం ఒప్పదు" అని రాసింది.

"తప్పకుండా వస్తాం అక్కా." "తప్పకుండా వస్తున్నాం." కిందికి జరుపుతూ పోతుంటే అవే మాటలు.

చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. ఆదివారానికి ఇంకా రోజులున్నాయి. ఆ జవాబులు తుడిచేయొచ్చు, స్వర్ణ పేరుతోనైనా ఒక ముక్క రాయొచ్చు. ఏమీ చేయలేదు. ఆ అకౌంట్లు అప్పటికే మాగి అమ్మకానికి సిద్ధంగా ఉన్నాయి, కదిలిస్తే సార్ ఊరుకోడు. అదొక్కటే కాదు. మన దగ్గర వస్తం అని ఎవరనరు? అనడమే మర్యాద, దాన్ని పట్టుకుని ఎవరైనా వండుతారా? ఇట్లా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. శనివారం ఆమె ఒక ఫోటో పెట్టింది. పెద్ద పెద్ద వంట డేక్సాలు తోమి ఎండలో బోర్లించింది. "మీ కోసమే" అని రాసింది కింద.

ఆదివారం పొద్దున వికారాబాదులో బస్సెక్కాను. చెప్పేద్దామనే వెళ్లాను, ఇది మాత్రం నమ్మండి.

ఇంటి ముందు టెంటు వేశారు. చుట్టాలు, ఇరుగుపొరుగు, పాస్టరు గారు ఉన్నారు. ఒక పక్క ఖాళీ కుర్చీలు వరుసగా వేసి ఉన్నాయి. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. రూతమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఎవరు బిడ్డా నువ్వు? గా ఫోన్ల మా కోసం ప్రార్థన చేసినోళ్లల్ల దానివా?"

తల ఊపాను.

"పేరేంది తల్లీ?"

"స్వర్ణ."

"ఓ అయ్యా! సూడు, స్వర్ణ బిడ్డ వచ్చింది!" అని కేకేసి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆయన కర్ర ఊతంతో లేచాడు. వద్దంటున్నా లేచి నాకు రెండు చేతులూ జోడించాడు. కాళ్లు వణుకుతున్నాయి ఆయనకు.

"మిగిలినోళ్లేరి బిడ్డా? అందరు వస్తమన్నరు గద?" అంది రూతమ్మ.

అదీ ఆ క్షణం. అమ్మా, వాళ్లెవరూ లేరు అంటే అయిపోయేది. చెప్పడానికే నోరు తెరిచాను. అంత మందిలో, ఆమె చేతులు ఇంకా నా భుజాల మీద ఉండగా, నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"తొవ్వల ఉన్నరమ్మా. ఎన్క వస్తున్నరు."

ఆమె మొహం వెలిగిపోయింది. "అట్లనా! అయితే వాళ్లు వచ్చినంకనే తిందం. అప్పటిదాక ఎవ్వరు ముట్టొద్దు" అని అందరికీ వినపడేలా చెప్పింది.

పాటలు అయిపోయాయి. పాస్టరు గారి ప్రసంగం అయింది. ఎండ టెంటు దాటింది. పిల్లలు ఆకలికి ఏడుపు మొదలుపెట్టారు. "ఇప్పటిదాక రానోళ్లు ఇంకేమొస్తరే, పోరగాళ్లకన్న పెట్టు" అంది ఒక ముసలామె. "నన్ను లేపినోళ్లు వాళ్లు. వాళ్లు తినకుంట నేనెట్ల తింట?" అన్నాడు ఆయన. మళ్లీ రోడ్డు వైపు చూశాడు.

"నేను పోయి సూసొస్త" అని లేచాను. రోడ్డు మీదికి వచ్చేసరికి ఆటో కనిపించింది. ఎక్కేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్లు ఎప్పుడు తిన్నారో, అసలు తిన్నారో లేదో, ఈ రోజుకీ నాకు తెలియదు.

సాయంత్రం రూతమ్మ గ్రూపులో రాసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "మీరు రాలె. తొవ్వల ఏమన్న అయిందా అని మస్తు ఫికరైతుంది. స్వర్ణ బిడ్డ మిమ్ముల ఎదుర్కోనికి పోయి మల్ల రాలె. మీరందరు పైలంగ ఇండ్లు చేరాలెనని ఇంటిల్లిపాది ప్రార్థన చేస్తున్నం."

ప్రార్థన అన్న మాట ఉంది కదా. నేను చూస్తుండగానే ఒక్కొక్కటే వచ్చి పడ్డాయి. ఆమెన్ అక్కా. ఆమెన్ అక్కా. స్వర్ణ కూడా అంది.

మర్నాడు ఆ గ్రూపును మా పనిలోంచి తీసేశాను. ఉద్యోగం మాత్రం మానలేదు. ఇంకో ఏడాది చేశాను, జీతం తీసుకున్నాను, అదీ మీకు తెలియాలి. స్వర్ణకు రూతమ్మ చాలా రోజులు రాసింది. ఇల్లు చేరినవా బిడ్డా అని, ఎక్కడున్నవ్ బిడ్డా అని. తెరవకుండానే ఉంచేశాను. తర్వాత ఆ అకౌంటు అమ్ముడుపోయింది.

ఇప్పుడైనా వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. కోట్‌పల్లి ఎంత దూరమని? చెబితే ఆయన్ని లేపినవాళ్లంతా ఆమెకు లేకుండా పోతారు, అంత మంది తన కోసం దేవుణ్ణి అడిగారన్న ధైర్యం పోతుంది, అది లాక్కునే హక్కు నాకెక్కడిది అని అనుకుంటూ వచ్చాను. దయ అనుకున్నాను దాన్ని. ఛీ, దయా పాడా! భయం. ఆ ఇస్త్రీ చొక్కా మనిషి నా వంక చూస్తాడని భయం. ఆమె "పోనీలే బిడ్డా" అంటే ఇంకా భయం.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించేదేముంది ఇందులో. ఆ రోజు ఆ టెంటు కింద మింగేసిన మాట ఒకటి గొంతులోనే ఉండిపోయింది. దాన్ని ఇక్కడైనా బయట పెడితే కాస్త ఊపిరి ఆడుతుందని, అంతే.

నా పేరు స్వర్ణ కాదమ్మా. తొవ్వలో ఎవ్వరూ లేరు. పిల్లలకు పెట్టండి. మీరు తినండి.