నా కనుబొమ మీది దున్నపోతు

ఆ రోజుల్లో మనుషులకన్నా వాళ్ళ బయోడేటాలు పొడుగ్గా ఉండేవి. చేసిన పనులు అర పేజీలో అయిపోతే, చెయ్యగలమని అనుకున్నవాటితో మిగిలిన రెండు పేజీలూ నింపేవాళ్ళం. ఆస్ట్రేలియా ఉద్యోగానికి నాది మా మేనమామ దగ్గరుండి టైపు చేయించాడు. హాబీలు అన్నచోట నేను చెప్పిన ‘పుస్తకాలు చదవడం’ కొట్టేయించి, “దొరలకి ఇలాంటివి ఆనవురా” అంటూ ‘వేట’ అని వేయించాడు. తెనాలిలో మా ఇంట వేటకి గురైన జంతువు బియ్యం డబ్బా వెనక దాక్కున్న పందికొక్కు ఒక్కటే. అదీ మా అమ్మ చేతిలో, చీపురుతో.

నా కుడి కనుబొమ మీద నెలవంక లాంటి మచ్చ ఒకటుంది. దాని చరిత్ర ఇది. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన, డార్విన్ ఊరికి అవతల బురదనేలల్లో మా సర్వే బృందం భూమి కొలుస్తుండగా, రెల్లుగడ్డిలోంచి అడవి దున్నపోతు లేచింది. లారీ అంత ఉంది. (మొదట్లో జీపు అంత అనేవాణ్ణి. మెల్‌బోర్న్‌కి మకాం మార్చాక లారీ అయింది.) అందరూ తలో దిక్కుకీ పరుగెత్తారు. నేనొక్కణ్ణే ఏనుగుల్ని కొట్టే తుపాకీ ఎత్తి, అది ఇరవై గజాల దూరానికి వచ్చేదాకా ఆగి, పేల్చాను. కూలుతూ కూలుతూ కొమ్ము విసిరింది. ఇదిగో, ఈ మచ్చ. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది ఈ కథే. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా పెరట్లో బార్బెక్యూకి వచ్చినవాళ్ళందరికీ మాంసంతోపాటు వడ్డించేదీ ఇదే. ఇక్కడితో చదవడం ఆపేస్తే నా పరువు, మీ సరదా రెండూ దక్కుతాయి. ఆగనివాళ్ళకి నిజం చెప్పక తప్పదు.

మా బృందానికి పెద్ద ఒక ఎర్రమీసాలాయన. నన్ను మూడు నెలల ప్రొబేషన్ మీద తీసుకున్నాడు. దున్నపోతులు తిరిగే చోట తుపాకీ పట్టే మనిషి ఇంకొకడు కావాలి కాబట్టి నా బయోడేటాలో ‘వేట’ చూసి మురిసిపోయాడు. “ఏం వేటాడావు?” అన్నాడు. నాలుక అదుపులో ఉంటే నేను నేనెందుకవుతాను? “పులి” అన్నాను. “టైగరా! గుడ్ ఆన్ యూ, మేట్!” అని వీపు చరిచి, శనివారం తుపాకీ పరీక్ష అన్నాడు. అందులో నెగ్గితే ఉద్యోగం ఖాయం, లేకపోతే తెనాలి. అక్కడేమో నేను కంగారూలని చేత్తో పట్టుకుంటున్నానని మామయ్య అప్పటికే ఊరంతా చెప్పి ఉన్నాడు.

ఆ తుపాకీ సంగతి నాకు చెప్పింది మా జీపు మెకానిక్, నెల్లూరు భాయ్. తూటా నా బొటనవేలంత లావు. “పోయినేడు ఒకడు కాల్చినాడు తమ్ముడూ. దాని వెనక్కి తన్నుడికి భుజం నల్లబడి, వారం రోజులు ఎడం చేత్తో అన్నం తిన్నాడు. నువ్వు పులి కొట్టినోడివి, నీకేంలే” అన్నాడు, నా మొహం వంకే చూస్తూ. “మా తాతగారి దగ్గర ఇంతకన్నా పెద్దది ఉండేది భాయ్” అన్నాను. (మా తాతగారి దగ్గర ఉన్నది గొడుగు.)

శనివారం పొద్దున్నే నా ట్రంకుపెట్టె తెరిచాను. మా అమ్మ గుడ్డసంచిలో కుట్టి పంపిన కందిపప్పు ఇంకో కిలో మిగిలి ఉంది. ఆ సంచిని చొక్కా లోపల కుడి భుజానికి తువ్వాలుతో బిగించి కట్టాను. తుపాకీ దెబ్బ పప్పుకి తగులుతుంది, నాకు కాదు. ఇంత సులువైన ఉపాయం దొరలకి ఇన్నేళ్ళుగా తట్టలేదే అని జాలిపడ్డాను. దారిలో భాయ్ ఆగి చూశాడు: “ఏంది తమ్ముడూ, కాల్చకముందే వాచింది?”

ఎర్రమీసాలాయన ఓపిగ్గా చెప్పాడు. “భుజానికి గట్టిగా అదుముకో. వదులుగా పట్టుకుంటే పరుగెత్తుకొచ్చి గుద్దుతుంది. కాస్త ముందుకు వాలు. కన్ను మాత్రం తుపాకీ మీది దుర్భిణికి దూరంగా ఉంచు.” పులిని కొట్టినవాడికి ఇవన్నీ చెబుతావా అన్నట్టు తల పంకించాను, ఒక్క ముక్కా వినలేదు. పప్పు సంచి మందానికి తుపాకీ ముందుకి జరిగిపోయి, దుర్భిణిలో ఏమీ కనిపించలేదు. తాబేలులా మెడ సాచి కన్ను అద్దానికి ఆనించి, నొక్కాను.

సంచి పిగిలింది. అడ్డం తొలగిపోయిన తుపాకీ దర్జాగా వెనక్కి వచ్చింది. దుర్భిణి అంచు కనుబొమని కోసింది. ఆ తర్వాత వినిపించింది, సన్నటి వాన చప్పుడు. నా చొక్కా కింది నుంచి పప్పు జలజలా జారి బూట్లు నింపుతోంది. ఎర్రమీసాలాయన ఒంగి చూసి, “మేట్, నువ్వు కారిపోతున్నావు” అన్నాడు.

కనుబొమకి ప్లాస్టరు వేశాక, ఇంకొక్కసారి అంటూ తుపాకీ సిద్ధం చేసి మళ్ళీ నా చేతికిచ్చాడు. ఈసారి పప్పు లేదు. కళ్ళు గట్టిగా మూసి, పళ్ళు బిగించి, “అమ్మా!” అని అరిచి నొక్కి, రెండడుగులు వెనక్కి ఎగిరి కూలబడ్డాను. చుట్టూ నిశ్శబ్దం. తుపాకీ చేసిన చప్పుడల్లా ‘టిక్’. కళ్ళు తెరిచేసరికి తూటా ఆయన అరచేతిలో ఉంది. అసలు పెట్టనేలేదు. గురి కాదు, భయం చూడటానికట ఆ పరీక్ష.

“పేలని తుపాకీకి పడిపోయినోణ్ణి నిన్నే చూసినా” అన్నాడు భాయ్.

మామయ్య, టైపు మిషను, పందికొక్కు, చీపురు, అన్నీ ఎర్రమీసాలాయనకి చెప్పేశాను. పెట్టె సర్దుకోమంటాడనుకున్నాను. ఆయన మీసం నిమురుకుంటూ అన్నాడు: “కాల్చేవాళ్ళు నా దగ్గర ఇద్దరున్నారు. దున్నపోతు మీదికొచ్చేదాకా ఇద్దరికీ కనపడదు. ఇంత భయం ఉన్నవాడు ఇన్నాళ్ళూ దొరకలేదు. రేపటినుంచి జీపు పైకెక్కి కూర్చుని నలువైపులా చూడు.”

నాలుగేళ్ళు చూశాను. గడ్డి కదిలితే చాలు, నేను కేకేసేవాణ్ణి, జీపు కదిలేది. ఆ నాలుగేళ్ళలో ఆ తుపాకీ పేల్చాల్సిన అవసరమే రాలేదు. ఏ దున్నపోతూ చావలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన శనివారం ఇక్కడి ఇండియన్ షాపులో మా ఆవిడ పది కిలోల కందిపప్పు బస్తా తీసుకుంది. నేను ఎత్తబోతుంటే, “కుడి భుజమ్మీదే పెట్టుకోండి, అలవాటేగా” అంది.

బస్తా అక్కడే దించేశాను. “నీకెవరు చెప్పారు?”

“మన పెళ్ళైన ఏడాదే భాయ్ ఫోన్లో చెప్పాడు.”

“మరి ఇన్నేళ్ళూ? అందరి ముందూ కళ్ళు పెద్దవి చేసుకుని వినేదానివి కదా!”

“దున్నపోతు పెద్దదవుతున్నకొద్దీ మీ మొహం చిన్నపిల్లాడి మొహం అయిపోతుంది. చూడటానికి బాగుంటుంది” అని ట్రాలీ తోసుకుంటూ ముందుకెళ్ళిపోయింది.

బస్తాని కుడి భుజానికే ఎత్తుకున్నాను. కారు దాకా నడుస్తుంటే, జీపు పైన బిక్కుబిక్కుమంటూ గడ్డి వంక చూస్తున్న ఆ తెనాలి కుర్రాడు గుర్తొచ్చాడు. నలువైపులా చూశాననుకునేవాడు పాపం. తనని ఒకరు చూస్తున్న సంగతి కనిపెట్టడానికి వాడికి ఇన్నేళ్ళు పట్టింది.