నీహారిక ప్లేట్లు కడిగిన నా వేళ్లు

ఆ ఉదయం ఫొటో గాజు ప్లేటును నీళ్లలోంచి తీసి వెలుతురుకు పట్టి చూశాను. గొల్లకావడి చుక్కల కింద పొగమబ్బులా ఉండే నీహారిక బాగానే పడింది. చుట్టూ ఉన్న నక్షత్రాలే చుక్కల్లా కాక వానపాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. కెమెరాను నక్షత్రం వెంట మెల్లగా తిప్పే స్క్రూ వదులైందనుకుని నూనె వేశాను. దాన్ని తిప్పిన చెయ్యి వణికిందని తట్టలేదు.

నేను అమీర్‌పేటలో దర్జీని. అప్పట్లో పంజాగుట్ట దాటితే దీపాలు ఉండేవి కావు, ఆకాశమంతా మాదే. "లోకమంత మనుషుల ఫొటోలు దిగుతది, నీకు పొగ ఫొటోలు గావాలె" అని నా భార్య లక్ష్మి ఎగతాళి చేసేది.

రెండో ప్రపంచయుద్ధం వల్ల ప్లేట్లు దొరకడం గగనమైంది. నీహారిక బొమ్మ ఎప్పుడూ పలచగానే వస్తుంది. పారేయడానికి మనసొప్పక, పాదరసం కలిసిన మందులో ముంచి నలుపు పెంచేవాడిని. ఒకసారి చేయాల్సింది మూడుసార్లు చేసేవాడిని. కిటికీ లేని గదిలో, ఒట్టి చేతులతో.

కొన్నాళ్లకు నోట్లో రాగి చెంబు నాకినట్టు రుచి మొదలైంది. చిగుళ్ల నుంచి రక్తం కారేది. గిరాకీల మీద ఊరికే కసురుకునేవాడిని. ఒకనాడు షేర్వానీకి కాజా కుడుతుంటే సూది నాలుగుసార్లు పక్కకు పోయింది. దర్జీకి చెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది?

పెద్ద దవాఖానలో డాక్టరు చేతులు చాపమన్నారు. "ట్రెమర్ ఉంది. పెరాలిసిస్ అజిటాన్స్, గా ముసలోళ్ల వణుకుడు రోగం అనుకుందామంటే గీ వయసుకు రావద్దు. తాగుతవా?"

"లేదు సాబ్."

"కుట్టుడు గాక ఇంకేం చేస్తవ్?"

"ఏం లేదు సాబ్."

అబద్ధమే. యుద్ధం రోజుల్లో ఆకాశంకేసి కెమెరా గొట్టం పెట్టి కూర్చుంటానంటే గూఢచారిననుకుంటారేమోనని భయపడ్డాను. టానిక్ ఇచ్చి పంపారు. వణుకు తగ్గకపోగా అన్నం ముద్ద నోటికి చేరేలోపు సగం రాలిపోయేది. పిల్లల ముందు తినడం మానేశాను.

ఇరవై రోజుల తర్వాత మళ్లీ దవాఖానకు వెళ్తే లక్ష్మి వెంట వచ్చింది. డాక్టరు నర్సు చేత సూదీదారం తెప్పించి, "నీ పనే కదా, ఎక్కియ్యి" అన్నారు. దారం కొన పెదాల మధ్య పెట్టి తడిపి, వేళ్లతో మెలిపెట్టాను. ఎక్కలేదు. మళ్లీ తడిపాను. మూడోసారి ఆయన నా మణికట్టు పట్టుకుని వేళ్లు చూశారు.

"గీ నలుపేంది?"

నేను నోరు విప్పేలోపే లక్ష్మి అందుకుంది. "చుక్కల ఫొటోలు కడుగుతడు సాబ్. ఎర్ర బుడ్డిదీపం వెట్టుకొని గదిల కూసుంటడు. ఎవ్వలికి చెప్పద్దంటడు."

ఏ మందులు వాడతానో అడిగారు. చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశారు. "మెర్క్యూరీ పాయిజనింగ్. పాదరసం ఒంట్లకెక్కింది. దినాం ఎన్నిసార్లు దారం నోట్ల వెట్టుకుంటవ్?"

లెక్కే లేదన్నాను. తండ్రి దగ్గర పని నేర్చుకున్న నాటి నుంచి అదే అలవాటు. ప్లేట్లు కడిగి, చేతులు లుంగీకి తుడుచుకుని, నేరుగా వచ్చి మిషను ముందు కూర్చునేవాడిని. నన్ను నేనే చంపుకుంటున్నానని అప్పుడు అర్థమైంది.

మూడు వారాలు వార్డులో ఉంచారు. పాలు, గుడ్డు తెల్లసొన, నోరు పుక్కిలించే మందు, మాటిమాటికీ యూరిన్ టెస్ట్. వణుకు ఎంత తగ్గిందో చూడ్డానికి వారానికోసారి కాగితం మీద పేరు రాయించేవారు. ఇంటికొచ్చాక రెండు దవడ పళ్లు ఊడాయి, వణుకు మళ్లీ ఎక్కువైంది. ఇక ఇంతేనని ఏడ్చాను. "ఓపిక వట్టు. ఒంట్లకెల్లి పోవాలె. చేతులు ఎంతమట్టుకు తిరిగొస్తయో నేను సుత చెప్పలేను" అన్నారు డాక్టరు. ఆ మాట విన్న రోజు నిద్రపోలేదు.

ఎనిమిది నెలలకు కత్తెర పట్టాను. ఇప్పుడు కటింగ్, మిషను పని నావి. కాజాలు లక్ష్మి కుడుతుంది. ఫొటోలు ఇంకా తీస్తాను. పలచగా వస్తే పలచగానే ఉంచుతాను.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. డాక్టరు అడిగినప్పుడు మీ పనితోపాటు మీ సరదా కూడా చెప్పండి. నవ్వుతారనో, అనుమానిస్తారనో దాచకండి. నేను దాచిన ఆ ఇరవై రోజులూ ప్లేట్లు కడుగుతూనే ఉన్నాను, దారం నోట్లో పెట్టుకుంటూనే ఉన్నాను. నా చేతిలో మిగిలిన వణుకు ఆ ఇరవై రోజులదేనా అని ఒకసారి డాక్టరును అడిగాను. ఆయన కాగితం నా ముందుకు జరిపి, మళ్లీ పేరు రాయమన్నారు.