జొన్నకు దుప్పట్లు కప్పిన పిల్ల

శ్రీవల్లి అమెరికా వచ్చింది జొన్నల మీద చదువుకోవడానికి. ఆ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వేవారు, ఆ తర్వాత "నిజం చెప్పు, డేటా సైన్సే కదా?" అని అడిగేవారు. ఆమెది నారాయణపేట దగ్గర చిన్న ఊరు. అగ్రికల్చర్ బీఎస్సీ మన దగ్గరే పూర్తిచేసి, కాన్సాస్‌లో మాస్టర్స్‌కు సీటు తెచ్చుకుంది. జొన్న కోసం అంత దూరం పోవడమేమిటని మేనత్త ఫోన్‌లో అడిగితే, "మనకాడ మనం తింటం, ఈడ ఆవులు తింటయ్ అత్తా. ఆవులు తినేదానికి ఈడ మస్తు గౌరవం" అని జవాబిచ్చింది.

అపార్ట్‌మెంట్‌లో ఆమెతో పాటు ఇద్దరుండేవారు. విద్యది విజయవాడ, స్మృతిది కాకినాడ. ఇద్దరిదీ కంప్యూటర్ సైన్సే. వాళ్లు క్లాసుకు ల్యాప్‌టాప్ మోసుకెళ్తే, శ్రీవల్లి కంకులకు తొడిగే కాగితం సంచులూ కత్తెరా మోసుకెళ్లేది. సాయంత్రం తిరిగొచ్చేసరికి జుట్టునిండా పుప్పొడి ఉండేది.

"నువ్వు ఎమ్మెస్‌కి వచ్చావా, కూలికొచ్చావా?" అనేది విద్య.

"నీ కోడ్ తిని ఏ ఆవన్న పాలిస్తదా?" అనేది శ్రీవల్లి.

అసలు చిక్కు ఆమె ఎంచుకున్న రకంతోనే వచ్చింది. కాన్సాస్ జొన్న పొట్టిది, బుద్ధిమంతురాలు. చలి రాకముందే ఎర్రగా పండి మిషన్ కోసం ఎదురుచూస్తుంది. శ్రీవల్లి విత్తనాల బ్యాంకు నుంచి తెప్పించి వేసింది మాత్రం చలికాలంలో పండే మన యాసంగి జొన్న. పగటి పొద్దు తగ్గితే తప్ప పువ్వు తీయని మొండిఘటం. అక్టోబరు వచ్చేసరికి పొలమంతా ఎండి గలగలమంటుంటే, ఈమె వరసలు మాత్రం మనిషిని మించిన ఎత్తులో పచ్చగా ఊగుతున్నాయి. అప్పుడప్పుడే గింజ పాలు పోసుకుంటోంది.

ఆమె ప్రొఫెసర్ పేరు డేల్. టోపీ తీయని పెద్ద మనిషి. ఉట్టి డేల్ అని పిలవమని ఏడాదిగా బతిమాలుతున్నా శ్రీవల్లి నోటికి అది రాలేదు. చివరికి ఇద్దరూ 'డేల్ సర్' దగ్గర రాజీపడ్డారు. ఆయన ఒకసారి ఆ వరసల మధ్య నిలబడి పైకి చూసి, "ఇది పండేలోపు నేను రిటైరైపోతాను" అన్నాడు.

ఆ వారం ఎండ బాగానే ఉంది. జనం టీ షర్టుల్లో తిరుగుతున్నారు. కానీ టీవీలో వాతావరణం చెప్పే ఆయన మ్యాపులో మైదానాలన్నిటి మీదా నీలం పులిమి, పెళ్లికబురు చెప్పినంత సంబరంగా చెప్పాడు. కెనడా నుంచి చలిగాలి దిగుతోందట. శుక్రవారం తెల్లారేసరికి ఈ సీజన్‌లో మొదటిసారి గడ్డకట్టే చలి పడుతుందట. కుండీల్లో మొక్కలుంటే లోపల పెట్టుకోమన్నాడు. నిలువెత్తు జొన్నను ఎక్కడ పెట్టుకోవాలో చెప్పలేదు.

శ్రీవల్లి పరుగున డేల్ సర్ దగ్గరికి పోయింది.

"మంచిదే కదా!" అన్నాడాయన. "చలిలోపు ఏది పండుతుందో, ఏది పండదో చూడ్డానికే కదా వేశాం. చచ్చిపోతే అది కూడా డేటానే."

"సర్, ఇంకో మూడు వారాలైతే గింజ గట్టిపడుతుంది సర్."

"ఆ సంగతి చలికి చెప్పు. ట్రయల్ వరసల మీద చెయ్యి వేయకు. చివర్లో విత్తనం కోసం వేసిన వరస ఉందే, దాన్ని ఏంచేసుకుంటావో నీ ఇష్టం."

గురువారం మధ్యాహ్నం విద్య ఇంటికొచ్చేసరికి మంచాల మీద పరుపులు తప్ప ఏమీ లేవు. వాళ్లమ్మ సూట్‌కేసులో కుక్కి పంపిన సోలాపూర్ దుప్పటితో సహా అన్నీ మూటకట్టి తలుపు దగ్గరున్నాయి.

"ఏంటే ఇది?"

"జొన్నకు చలి పెడతది."

"మరి మాకో?"

"మీకు జాకెట్లున్నయ్ గదా."

విద్య తిట్టింది. స్మృతి ఇంకా ఎక్కువ తిట్టింది. తిడుతూనే ఇద్దరూ కారెక్కారు, ఎందుకంటే కారు స్మృతిది, ఇంకొకరికి ఇవ్వదు.

పొలంలో గాలి అప్పటికే మొదలైంది. ఆ దేశంలో గాలికి అడ్డొచ్చే గుట్ట లేదు, చెట్టు లేదు. ఉన్నవి గొట్టాల్లా నిలబడ్డ సిమెంటు ధాన్యం గాదెలే, అవి పట్టించుకోవు. ముగ్గురూ విత్తనం వరసలోని జొన్న కర్రలను మెల్లగా వంచి, నాలుగైదు కలిపి పురికొసతో కట్టి, పైన దుప్పటి కప్పి, అంచులు నేల మీద రాళ్లతో అదిమారు. స్మృతికి జొన్నాకు చెంప మీద కోసుకుంది. "ఫుల్ స్టాక్ డెవలపర్‌ని నేను" అని ఆకాశానికి చెప్పుకుంది. చివరి దుప్పటికి రాయి పెట్టేలోపే గాలి దాన్ని లేపుకుపోయింది. అది పక్క పొలం ముళ్లకంచెకు తగులుకుని జెండాలా ఎగిరింది. అది విద్య వాళ్లమ్మ ఇచ్చిందే. కంచె అవతల ఆవులు దాని చుట్టూ మూగాయి. తేవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

విత్తనం వరస, ముట్టుకోకూడని ట్రయల్ వరసలు పోను, గట్టు వెంబడి వేసిన జొన్న మిగిలింది. ఎలాగూ పోయేదే కదా అని శ్రీవల్లి ఆ పచ్చి కంకులు కోసి డిక్కీనిండా వేసింది. "ఇయ్యాల మీకు ఊసబియ్యం పెడ్త. పచ్చికంకి కాల్చి నలుచుకుంటే ఉంటది..." అంది. ఆ మాట ఒక్కటే వాళ్ల కోపాన్ని ఇంటిదాకా ఆపింది.

ఊసబియ్యానికి కావలసింది పిడకల నిప్పు. దొరికింది కరెంటు పొయ్యి. కాయిల్ ఎర్రబడగానే శ్రీవల్లి నాలుగు కంకులు దాని మీద పెట్టింది. కమ్మటి వాసన వచ్చింది. దాని వెనకే పొగ వచ్చింది. ఆ వెనకే బిల్డింగంతా అదిరేలా అలారం మోగింది. ఏడు దాటి చీకటి పడుతుండగా, అప్పటికే చలి దిగిన పార్కింగ్ లాట్‌లోకి నాలుగంతస్తుల జనం చెప్పుల్లేకుండా, పిల్లుల్ని చంకనేసుకుని దిగారు. అందరికీ ఏదో ఒక దుప్పటి ఉంది, ఈ ముగ్గురికి తప్ప.

ఫైరింజన్ వచ్చింది. తెల్ల మీసాల ఫైర్‌మన్ ఒకాయన పైకెళ్లి, చేతిలో కాలిన కంకితో దిగొచ్చాడు. "ఎవరిదిది?"

విద్య, స్మృతి ఒక్కసారే శ్రీవల్లి వైపు వేలు చూపారు.

"ఇది మైలో కదా?" అన్నాడాయన. అక్కడివాళ్లు జొన్నను అలాగే పిలుస్తారు. "మేం దీన్ని పశువులకు పెడతాం."

శ్రీవల్లి వణుకుతూనే కంకి తీసుకుని, అరచేతుల్లో నలిచి, ఊక ఊది, ఆయన చేతిలో పోసింది. ఆయన నోట్లో వేసుకున్నాడు. కాసేపు నమిలాడు. "నా పశువులు నాతో ఎప్పుడూ చెప్పలేదు" అని ఇంకో పిడికెడు అడిగాడు. తర్వాత రూలు ప్రకారం ఒక హెచ్చరిక కూడా ఇచ్చాడు.

ఆ రాత్రి ముగ్గురూ జాకెట్లలో, సాక్సుల మీద సాక్సులేసుకుని ముడుచుకున్నారు. తెల్లారగానే పొలానికి పోతే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెలుపు. ట్రయల్ వరసల ఆకులు ఉడికించిన తోటకూరలా వేలాడుతున్నాయి. ఆ కంకులకు సంచులు తొడిగి పెంచిన పిల్ల, వాటి ముందు నిలబడి ముక్కు తుడుచుకుంటూ లెక్క రాసుకుంది. డేల్ సర్ దూరం నుంచి చూశాడు గానీ దగ్గరికి రాలేదు. ఆ మర్యాద ఆయనకు తెలుసు.

దుప్పట్ల కింద మాత్రం చాలా కంకులు బతికాయి. గాలికి దుప్పటి పోయిన గుత్తి నల్లబడింది. మిగతావి ఆ తర్వాతి వెచ్చటి రోజుల్లో ఎంతో కొంత గట్టిపడ్డాయి. వసంతంలో మట్టి కప్పుల్లో విత్తితే సగమే మొలిచాయి. ఆ సగం చాలన్నాడు డేల్ సర్. కాన్సాస్ పొట్టిదానితో దీన్ని సంకరం చేయించి, ఆ ఏడే నిజంగానే రిటైరయ్యాడు.

థీసిస్‌లో ఆ రాత్రి గురించి ఒక్క వాక్యమే ఉంది. ఈ రకం చలికి ముందు పండలేదు, అంతే. విద్య ఇప్పుడు జెర్సీ సిటీలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. స్మృతి టెక్సాస్‌లోని కాపెల్‌లో ఉంటోంది. శ్రీవల్లి టెక్సాస్ ఉత్తరపు కొసన ఒక విత్తనాల కంపెనీలో చేరింది, వీసా ఇంకా లాటరీలోనే ఉంది.

ఆ సంకరం మొక్క పోయినేడు శ్రీవల్లి కంపెనీ చేనులో మొదటిసారి చలి కంటే ముందే పండింది. నడుమెత్తు ఉంది, గింజ తెల్లగా, గుండ్రంగా ఉంది. కోతకు వారం ముందు వడగళ్లు పడి సగం చేను నేలపాలైంది. శ్రీవల్లి ఆకాశం వైపు చూసి నారాయణపేట యాసలో గట్టిగా ఒక మాటంది. పక్కనున్న అమెరికా కుర్రాడు దాని అర్థమేమిటని అడిగితే, మా ఊళ్లో వానను అలాగే పిలుస్తామని చెప్పింది.