సంవత్సరీకానికి ఎవరు కూర్చోవాలి

నా భర్త పోయిన తిథి భాద్రపద బహుళ అమావాస్య. ఇంగ్లీషు తేదీ ఏటా మారిపోతుంది కాబట్టి, మొదటి సంవత్సరీకం ఎప్పుడు వస్తుందో ఉగాదికి పంచాంగం కొన్న రోజే చూసిపెట్టుకున్నాను. 2011లో అది సెప్టెంబరు ఆఖరి వారంలో పడింది. అప్పటికి తెలంగాణ కోసం సమ్మె మొదలై రెండు వారాలు. బస్సులు లేవు, బడులు లేవు. తార్నాక చౌరస్తా దాటి కూరగాయలకు వెళ్ళాలంటే యూనివర్సిటీ క్యాంపస్ వైపు ఎలా ఉందో ముందుగా ఎవరినైనా అడిగి బయల్దేరేవాళ్ళం. కొన్ని సాయంత్రాలు బాష్పవాయువు ఘాటు మా బాల్కనీ దాకా వచ్చి, ఆరేసిన బట్టలకు పట్టేది.

వినాయక చవితికి గుంటూరు నుంచి వచ్చిన మా పెద్ద వదిన, అంటే ఆయన అక్క, తమ్ముడి సంవత్సరీకం చూసుకునే వెళ్తానని మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ ఉన్నందువల్ల ఒక ప్రశ్న కూడా ఇంట్లో కూర్చుంది. ఆయన సంవత్సరీకానికి పీట మీద ఎవరు కూర్చోవాలి? చితికి నిప్పు పెట్టింది వదిన కొడుకు. ఆనాడు పెద్దవాళ్ళు అలా నిర్ణయించారు, నేను నోరు విప్పే స్థితిలో లేను. మా అమ్మాయి వెనక నిలబడింది. ఏడాది తిరిగేసరికి ఆ అమ్మాయి వచ్చి, "అమ్మా, ఈసారి నాన్నది నేను చేస్తాను" అంది.

మా అమ్మాయి మాకు పుట్టిన పిల్ల కాదు. 1984లో, మూడు నెలల పసిగుడ్డుగా, ఒక శిశువిహార్ నుంచి తెచ్చుకున్నాం. పాలమూరు వైపు నుంచి వచ్చిందని మాత్రమే చెప్పారు. ఆ సంగతి పిల్లకు బడికి వెళ్ళే వయసులోనే చెప్పాం, చుట్టాలందరికీ అంతకు ముందే తెలుసు. ఆయన క్యాంపస్‌లో జన్యుశాస్త్రం చెప్పేవారు. పిల్లకు ఏ గుణాలు వస్తాయోనని ఎవరైనా గొణిగితే, "బొట్టు రక్తం ఇవ్వండి, గ్రూపు చెప్తాను. ఆ మనిషికి ఆవకాయ ఇష్టమో కాదో మాత్రం చెప్పలేను" అనేవారు. నేను ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని. రుజువు కానిదాన్ని ఒప్పుకోవడమూ కష్టమే, కొట్టిపారేయడమూ కష్టమే నాకు. పిల్ల ఎదుగుతుంటే ఆమె మొండితనం, పాటల పిచ్చి, కారం తినే తీరు, ఇవన్నీ ఎక్కడివి అని నేనూ అనుకునేదాన్ని. పైకి అనలేదు.

ఇరవయ్యేడేళ్ళ వయసులో ఆ పిల్ల క్యాంపస్‌లో పరిశోధన చేస్తూ ఉద్యమంలోకి వెళ్ళింది. వదినకు అదే సాక్ష్యమైంది. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నాతో అంది:

"మనం ఎంత పెంచితే ఏం? ఎవరి రక్తం వాళ్ళని లాక్కెళ్తుంది. చూస్తున్నావుగా. అలాంటి పిల్ల చేత్తో నీళ్ళు వదిలితే నా తమ్ముడికి చేరతాయా?"

"మీ అబ్బాయి వదిలితే చేరతాయా?" అన్నాను.

"చేరక? వాడు నా కడుపున పుట్టాడు. వాడిది మా రక్తం."

"వాడి గోత్రం మీ పుట్టింటిది కాదుగా వదినా. మీ ఆయనది."

వదిన చేతిలో చిక్కుడుకాయను చాటలో పడేసింది. మేనల్లుడికి రక్తం ఉంది, గోత్రం లేదు. మా అమ్మాయికి గోత్రం ఉంది, రక్తం లేదు. కర్మకు ఏది కావాలో నాకు తెలియదని, తెలిసినవాళ్ళను అడుగుదామని చెప్పాను. "నీ దగ్గర చదువుకున్న పిల్లలు ఎలా బతికారో" అని వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంబర్‌పేట్‌లో ఉండే మా పురోహితుడికి ఫోన్ చేసి అడిగాను. పెళ్ళి కాని కూతురు, దత్తత శాస్త్రప్రకారం జరిగింది, తనకు అభ్యంతరం లేదన్నాడు. అయితే ఇంట్లో పెద్దవాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, పీట దగ్గర గొడవ పడితే తాను లేచి వెళ్ళిపోతానన్నాడు. మా ఇంట్లో పెద్దంటే వదినే. అమ్మాయికి ఈ మాట చెబితే, "అత్తయ్య వద్దంటే కూర్చోనులే. కానీ మళ్ళీ నన్ను వెనకాల నిలబడమనొద్దు. ఆ రోజు ఇంట్లో ఉండను" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఆయన పేరు మీద జరిగే పనికి ఆ పిల్ల ఇంట్లో లేకపోతే, ఆ తర్వాత ఏ పనికి ఉంటుంది?

అమావాస్యకు నాలుగు రోజుల ముందు క్యాంపస్‌లో వంటావార్పు పెట్టుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం. అదే నిరసన. వంట బాధ్యత మా అమ్మాయి మీద పడింది. మూడు వందల మందికి బియ్యం ఎంత పోయాలని పొద్దున్నే నన్ను అడిగింది. హాస్టల్ పిల్లలు కాబట్టి మనిషికి నూటయాభై గ్రాముల లెక్కన నలభై అయిదు కిలోలు చెప్పాను. పెద్ద గరిటె ఇంట్లో మరిచిపోయి వెళ్ళింది. అది ఇచ్చివద్దామని నేను బయల్దేరితే, "నేనూ వస్తాను, ఏం చేస్తోందో చూస్తాను" అని వదిన చెప్పులు వేసుకుంది. ఆటోవాడు క్యాంపస్ గేటు దగ్గరే దింపేశాడు. చెట్ల నీడ పట్టుకుని నడిచాం.

రోడ్డు మధ్య ఇటుకల పొయ్యిల మీద రెండు గుండిగల్లో ఎసరు మరుగుతోంది. అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉంటున్న ఒక అమ్మాయి మాకు కుర్చీలు తెచ్చి వేసింది. మా అమ్మాయికి స్నేహితురాలు, నల్గొండ వైపు రైతుల పిల్ల. ఇంటికి రెండు మూడుసార్లు వచ్చింది. మా అమ్మాయిని ఎవరో ఆంధ్రోళ్ళ పిల్ల అన్నారట. ఈ పిల్ల వాళ్ళకు అడ్డుపడి, కాదు, పుట్టుక మన పాలమూరుదే అని చెప్పిందట. ఆ గొప్ప మాకే చెప్పుకుంటోంది.

"నేనైతే ఒక్కటే అన్న పెద్దమ్మా. రక్తం యాడికి పోతది, గుంజుకొస్తది గద అన్న. అందరు సప్పుడు జెయ్యలే."

వదిన నావైపు చూసింది. తన మాటే, అటు వైపు నుంచి వచ్చింది. మా అమ్మాయి పొయ్యి దగ్గర నుంచే, "నీకు చెప్పిన గదనే, ఆ ముచ్చట తియ్యకని" అంది. స్నేహితురాలితో ఆ భాష, నాతో ఈ భాష. చిన్నప్పటి నుంచీ అంతే.

అప్పుడు ఎసట్లో బియ్యం పోసే సమయం వచ్చింది. కొలిచి ఉంచిన బియ్యంలోంచి మా అమ్మాయి ఒక పిడికెడు వెనక్కి తీసి, పక్కనున్న స్టీలు గిన్నెలో వేసింది. రెండో గుండిగకూ అలాగే. మా ఇంట్లో రోజూ జరిగేదే. ఆదివారాలు వంట ఆయనే చేసేవారు, పిల్ల పక్కన పీట వేసుకుని కూర్చునేది. అనుకోకుండా మనిషి వస్తే వండిపెట్టడానికని ఆ పిడికెడు. సరిగ్గా కొలిచి, మళ్ళీ కొలత చెడగొట్టడం ఎందుకని నేను ఆయనతో పెళ్ళయిన కొత్తలోనే వాదించి ఓడిపోయాను.

వదిన కుర్చీలోంచి లేచింది. "అది మా అమ్మ చేసేది" అంది నాతో, మెల్లగా. ఆవిడ తల్లి పోయి అప్పటికి నలభై ఏళ్ళ పైన. మా అమ్మాయి ఆమెను ఫొటోలో తప్ప చూడలేదు.

నల్గొండ పిల్ల వింది. "మా నాయనమ్మ గూడ గట్లనే తీస్తుండె పెద్దమ్మా. అది మా దిక్కు పద్ధతి."

"మీ దిక్కు పద్ధతేమిటమ్మా? మా అమ్మ పుట్టింది తెనాలి దగ్గర."

"అయితే మీ అమ్మ మా కాడ నేర్సుకున్నదేమో. అడగకపోయిన్రా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వదినకు ముఖం ఎర్రబడింది. "ఏమే, నువ్వు చెప్పు" అని మా అమ్మాయిని అడిగింది. "ఇది ఎవరిది?"

మా అమ్మాయి తెడ్డుతో బియ్యం కలుపుతూ, పొగకు కళ్ళు చికిలించి, "నాకు నాన్న నేర్పారు అత్తయ్యా. నాన్నకు ఎవరు నేర్పారో మీకే తెలియాలి" అంది.

వదిన గిన్నెలోకి తొంగి చూసింది. "మరి ఇంత తక్కువేమిటి? మా అమ్మ పిడికిలి ఇంత చిన్నది కాదు. ఇంకాస్త తియ్యి" అంది. మా అమ్మాయి రెండు గుండిగల బియ్యమూ ఎసట్లో పోసేశానని చెప్పింది. ముందే చెప్పాల్సిందని వదిన విసుక్కుంది.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు నేను ఆ పిడికెడు బియ్యం గురించే ఆలోచించాను. దాన్ని చూసి గుంటూరావిడ మా వంశానిదంది, నల్గొండ పిల్ల మా దిక్కుదంది. లెక్కల్లో అయితే ఒకే ఆధారం నుంచి రెండు విరుద్ధమైన ఫలితాలు వస్తే ఆధారాన్ని కాదు, ఊహను అనుమానిస్తాం. కానీ దీంతో అంతా తేలిపోయిందని కూడా అనుకోలేదు. ఆ పిల్ల పాటలు ఎక్కడివో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో ఎవరం పాడం. పక్కింటి రేడియో కావచ్చు, మరేదైనా కావచ్చు. తెలియనిదానికి రక్తం అని పేరు పెట్టి ఊరుకోవడం మాత్రం తప్పనిపించింది. తార్నాక మలుపులో వదినతో ఆ మాటే అన్నాను. తర్వాత, "పీట మీద అమ్మాయే కూర్చుంటుంది. మీరు ఒప్పుకుంటే మీ ఎదురుగా. ఒప్పుకోకపోతే నేను ఆ పనే పెట్టుకోను, గుడిలో స్వయంపాకం ఇచ్చి వస్తాను" అన్నాను. ఆయన పనే మానేస్తానంటానని వదిన అనుకోలేదు. నాకన్నా ముందు నడిచి మా గేటు తీసింది. లోపలికి వెళ్ళి కొడుక్కి ఫోన్ చేసి, కారులో రమ్మంది. ఎందుకు రమ్మందో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

అమావాస్య పొద్దున పురోహితుడు స్కూటరు మీద వచ్చాడు. మేనల్లుడు తెల్లవారకముందే వచ్చి స్నానం చేసి ఉన్నాడు. పంచె కట్టుకోలేదు, ప్యాంటు మీదే ఉన్నాడు. పీట వేశారు. మా అమ్మాయి తడి జుట్టు ముడి వేసుకుని గది గుమ్మంలో నిలబడింది, ముందుకు రాలేదు. వదిన గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

"ఎవరు కూర్చుంటున్నారు?" అన్నాడు పురోహితుడు. నా వైపు కాదు, వదిన వైపు చూసి.

"కూతురుండగా ఇంకొకరెందుకు? రామ్మా, ఆలస్యమవుతోంది" అంది వదిన.

మేనల్లుడు హాయిగా ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. అమ్మాయి వచ్చి కూర్చుంది. పురోహితుడు వేలికి దర్భ ఉంగరం పెట్టించాడు, చేతిలో నువ్వులు వేసి నీళ్ళు పోశాడు. మంత్రం అందుకుని ఆమె నీళ్ళు వదిలింది, కానీ వేళ్ళ చివర నుంచి వదిలింది. దేవుళ్ళకు వదిలేది అలా. పోయినవాళ్ళకు బొటనవేలి పక్క నుంచి వదలాలి. పురోహితుడు చెప్పబోతున్నాడు. ఈలోగా వదిన మోకాళ్ళు పట్టుకుని కుర్చీలోంచి దిగి, పక్కన చతికిలబడి, అమ్మాయి మణికట్టు పట్టుకుని చెయ్యి పక్కకు వంచింది.

"ఇటు నుంచి" అంది. "మీ నాన్నకి ఇటు నుంచి పోవాలి."

మూడోసారి నీళ్ళు వదిలేదాకా ఆ చెయ్యి విడవలేదు.